అతిసున్నితత్వ చర్యలు: నాలుగు రకాల వెనుక ఉన్న చరిత్ర

ప్రతిజనకం శరీరంలో ప్రవేశించినప్పుడు ప్రతిరక్షకాలు ఎలా తయారవుతాయో, లింఫోసైట్లు ఏ విధంగా పనిచేస్తాయో ఇంతకు ముందు భాగంలో చదివారు. అక్కడ మనం చెప్పుకొన్నదంతా రక్షణ గురించే. అదే యంత్రాంగం శరీరానికి హాని చేసే సందర్భాలను ఈ భాగంలో పరిశీలిద్దాం. వీటిని అతిసున్నితత్వ చర్యలు లేదా హైపర్‌సెన్సిటివిటీ చర్యలు అంటారు. వీటిని నాలుగు రకాలుగా విభజించిన పట్టిక దాదాపు ప్రతి పాఠ్యపుస్తకంలోనూ కనిపిస్తుంది. పరీక్షలో ఆ పట్టిక రాస్తే మార్కులు వస్తాయి, కాదనం. కాని ఒకటి, రెండు, మూడు, నాలుగు అనే వరసలో వాటిని ఎవరూ కనుక్కోలేదు. నాలుగో రకానికి చెందిన చర్య 1890లోనే వైద్యుల కంటపడింది. మొదటి రకానికి కారణమైన ప్రతిరక్షకం మాత్రం పట్టిక తయారైన మూడేళ్ళకు గాని దొరకలేదు. ఈ క్రమం ఇలా తలకిందులుగా ఎందుకుందో తెలుసుకొంటే, పట్టిక ఏం చెబుతుందో, ఏం చెప్పదో కూడా తెలుస్తుంది.

గుర్రం సీరం

డిఫ్తీరియా (కంఠసర్పి) పందొమ్మిదో శతాబ్దంలో పసిపిల్లల పాలిట మృత్యువు. గొంతులో పొర కమ్మి, ఊపిరాడక పిల్లలు చనిపోయేవారు. 1890లో బెర్లిన్‌లో ఎమిల్ ఫాన్ బేరింగ్, జపాన్ దేశస్థుడైన షిబసబురో కిటసాటో ఒక కొత్త విషయం నిరూపించారు. ధనుర్వాతం, డిఫ్తీరియా విషాలను తట్టుకొనేటట్లు తయారుచేసిన జంతువు సీరాన్ని మరొక జంతువుకు ఎక్కిస్తే, దానికి కూడా ఆ రక్షణ వస్తుంది. 1894 నాటికి పారిస్‌లో ఎమిల్ రూ గుర్రాలనుంచి పెద్ద మొత్తంలో ఈ సీరం తీయడం మొదలుపెట్టాడు. గుర్రానికి విషాన్ని కొద్దికొద్దిగా మోతాదు పెంచుతూ ఎక్కించడం, తరవాత దాని రక్తం తీసి సీరాన్ని వేరుచేయడం, ఆ సీరాన్ని జబ్బుపడిన బిడ్డకు సూదిమందుగా ఇవ్వడం, ఇదీ పద్ధతి. ఆసుపత్రుల్లో డిఫ్తీరియా మరణాలు తగ్గాయి. వైద్యశాస్త్రంలో మొట్టమొదటి నోబెల్ బహుమతి 1901లో బేరింగ్‌కు వచ్చింది ఈ పనికే.

అయితే చిక్కు కూడా ఈ సీరంతోనే వచ్చింది. సీరం తీసుకొన్న పిల్లల్లో కొందరికి వారం పది రోజుల తరవాత జ్వరం, ఒళ్ళంతా దద్దుర్లు, కీళ్ళ వాపులు కనిపించేవి. చాలామందిలో అవి వాటంతటవే తగ్గిపోయేవి. కొన్నిసార్లు అలా కాలేదు. 1896లో బెర్లిన్‌లో రాబర్ట్ లాంగర్‌హాన్స్ అనే పెథాలజీ శాస్త్రవేత్త తన పసికొడుకుకు ముందుజాగ్రత్తగా ఈ సీరం ఇప్పించాడు. బిడ్డ కొద్దిసేపట్లోనే చనిపోయాడు. ఆ బిడ్డకు డిఫ్తీరియా లేదు. జబ్బు రాకుండా చూడాలనే వేసిన సూది అది. తండ్రి స్వయంగా శాస్త్రవేత్త కావడంతో ఆ మరణం పెద్ద వివాదమైంది. సీరం కలుషితమై ఉండాలనీ, అందులో ఏదో విషం మిగిలి ఉండాలనీ రకరకాలుగా ఊహించారు. సీరంలో ఏ లోపమూ లేకుండానే, దాన్ని అందుకొన్న శరీరమే ఇంత పని చేయగలదన్న ఆలోచన అప్పటికి ఎవరికీ సులువుగా తట్టేది కాదు. రక్షణ వ్యవస్థ అంటే రక్షించేదే అని అందరి నమ్మకం.

నెప్ట్యూన్ అనే కుక్క

ఆ నమ్మకాన్ని మొదట కదిలించింది వైద్యశాల కాదు, ఒక సముద్రయానం. 1901 వేసవిలో మొనాకో రాజు మొదటి ఆల్బర్ట్ తన నౌకలో చేసిన శాస్త్రయాత్రకు ఫ్రెంచి శరీరధర్మ శాస్త్రవేత్త షార్ల్ రిషే, జంతుశాస్త్రవేత్త పాల్ పోర్టియే వెళ్ళారు. ఫైసేలియా అనే సముద్రజీవి విషాన్ని పరిశీలించడం వారి పని. జంతుశాస్త్రం చదివినవారికి ఇది 'పోర్చుగీసు యుద్ధనౌక'గా గుర్తుండే ఉంటుంది. పారిస్‌కు తిరిగి వచ్చాక ఆ జీవి దొరకక, సీ ఎనిమోన్ స్పర్శకాలనుంచి తీసిన విషంతో కుక్కల మీద ప్రయోగాలు కొనసాగించారు.

నెప్ట్యూన్ మంచి బలమైన కుక్క. దానికి కిలో బరువుకు 0.1 మిల్లీలీటరు చొప్పున విషసారం ఎక్కించారు. ఏమీ కాలేదు. 22 రోజుల తరవాత, అది పూర్తి ఆరోగ్యంగా ఉన్నప్పుడు, మళ్ళీ అదే మోతాదు ఇచ్చారు. కొద్ది సెకండ్లలోనే కుక్క రొప్పసాగింది, నడవలేక పక్కకు ఒరిగింది, రక్తం కక్కుకొని 25 నిమిషాల్లో చనిపోయింది. మొదటి మోతాదు దానికి రక్షణ ఇవ్వవలసింది. అందుకు పూర్తిగా విరుద్ధంగా జరిగింది. 1902 ఫిబ్రవరిలో రిషే, పోర్టియే ఈ ఫలితాన్ని ప్రకటించి, రక్షణకు వ్యతిరేకం అనే అర్థంలో దీనికి 'ఎనాఫిలాక్సిస్' అని పేరు పెట్టారు. 1913లో దీనికి నోబెల్ బహుమతి రిషే ఒక్కడికే ఇచ్చారు.

ఇక్కడ ఒక విషయం గమనించండి. రిషే చూసింది నిజం, చెప్పిన కారణం మాత్రం నిలవలేదు. మొదటి మోతాదు విషం శరీరంలో ఉన్న రక్షణను తగ్గించేసిందని ఆయన మొదట అనుకొన్నాడు. 1903లో మోరిస్ ఆర్తూస్ చేసిన ప్రయోగంతో ఆ వాదన బలహీనపడింది. ఆర్తూస్ కుందేళ్ళ చర్మం కింద మామూలు గుర్రం సీరం కొన్ని రోజులకొకసారి ఎక్కించాడు. గుర్రం సీరం కుందేలుకు విషం కాదు. మొదటి సూదులకు ఏమీ కాలేదు. తరవాతి సూదులకు ఆ చోట వాపు వచ్చింది, గట్టిపడింది, చివరకు చర్మం కుళ్ళి ఊడింది. విషమే లేనిచోట విషాన్ని తట్టుకొనే శక్తి తగ్గిందనడానికి వీల్లేదు. అంటే గొడవ పదార్థంలో లేదు, దాన్ని ఒకసారి ఎరిగిన శరీరంలో ఉంది. నా దృష్టిలో ఈ చరిత్రలో అసలు మలుపు నెప్ట్యూన్ మరణం కన్నా ఈ కుందేళ్ళ ప్రయోగమే. పుస్తకాల్లో దీనికి ఒక పేరా మించి చోటు దొరకదు.

వియన్నా వార్డులో రోజుల లెక్క

సరిగ్గా అదే కాలంలో వియన్నాలోని పిల్లల ఆసుపత్రిలో క్లెమెన్స్ ఫాన్ పిర్కే, బేలా షిక్ అనే ఇద్దరు యువవైద్యులు పిల్లల మంచాల పక్కన కూర్చొని రోజులు లెక్కపెడుతున్నారు. స్కార్లెట్ జ్వరానికి అప్పట్లో గుర్రం సీరం చాలా పెద్ద మోతాదుల్లో ఇచ్చేవారు. అందువల్ల జ్వరం, దద్దుర్లు, కీళ్ళ నొప్పులు, గ్రంథుల వాపు ఎక్కువమందిలో కనిపించేవి. ఏ బిడ్డకు ఏ రోజు సూది వేశారు, ఏ రోజు దద్దుర్లు వచ్చాయి, అంతకు ముందెప్పుడైనా సీరం ఇచ్చారా అని వారు వివరంగా రాసుకొన్నారు.

లెక్క ఇలా తేలింది. మొదటిసారి సీరం తీసుకొన్న బిడ్డకు లక్షణాలు సాధారణంగా 8 నుంచి 12 రోజుల మధ్య మొదలవుతాయి. అదే బిడ్డకు కొంతకాలం తరవాత మళ్ళీ ఇస్తే వెంటనేగాని, కొద్ది రోజుల్లోగాని మొదలవుతాయి. విషం అయితే రెండుసార్లూ ఒకే వేగంతో పనిచేయాలి. ఇక్కడ వేగం మారింది కాబట్టి, మధ్యలో శరీరం ఏదో తయారుచేసుకొంది. ఆ ఏదో ప్రతిరక్షకమే. మొదటిసారి అది తయారయ్యేసరికి వారం పైన పడుతుంది, అప్పటికి రక్తంలో గుర్రం ప్రొటీను ఇంకా మిగిలే ఉంటుంది, రెండూ కలుసుకొన్నప్పుడు జబ్బు పుడుతుంది. 1905లో వారు ప్రచురించిన 'సీరం జబ్బు' అనే గ్రంథంలోని ముఖ్యవాదం ఇది. మనల్ని కాపాడే ప్రతిరక్షకమే జబ్బుకు కూడా కారణమని చెప్పడం ఆ రోజుల్లో చిన్న సాహసం కాదు.

మరుసటి సంవత్సరం, 1906లో, పిర్కే ఒక కొత్త మాట ప్రతిపాదించాడు: 'అలర్జీ'. గ్రీకులో 'వేరే', 'పని' అనే అర్థాలున్న రెండు మాటలను కలిపి చేసిన పదం. ఒకసారి ఏదైనా పదార్థాన్ని ఎరిగిన శరీరం రెండోసారి వేరే విధంగా స్పందిస్తుంది, అంతవరకే ఆయన అర్థం. ఆ వేరు మేలు కావచ్చు, కీడు కావచ్చు. టీకా వల్ల వచ్చే రక్షణ, సీరం వల్ల వచ్చే దద్దుర్లు రెండూ ఆయన లెక్కలో అలర్జీలే. ఈనాడు మనం 'నాకు వంకాయ అలర్జీ' అంటున్నప్పుడు ఆ మాటలో కీడు మాత్రమే మిగిలింది. మాట వాడుకలో పడి ఇరుకైపోయిందన్నమాట.

క్షయ పరీక్ష

ఇప్పుడు కాస్త వెనక్కి, 1890కి వెళ్ళాలి. క్షయ సూక్ష్మజీవిని కనుక్కొన్న రాబర్ట్ కోఖ్ ఆ ఏడాది ట్యూబర్‌క్యులిన్ అనే మందుతో క్షయను నయం చేయవచ్చని ప్రకటించాడు. రోగులు బెర్లిన్‌కు పరుగులు తీశారు. మందు నయం చేయలేదు, కొందరి పరిస్థితి ఇంకా విషమించింది. కోఖ్ ప్రతిష్ఠకు అది పెద్ద దెబ్బ. అయితే క్షయ సోకినవారిలో ట్యూబర్‌క్యులిన్‌కు తీవ్రమైన చర్య వస్తుందనీ, సోకనివారిలో అలా రాదనీ ఆ అపజయంలోనే బయటపడింది. పిర్కే దీన్ని 1907లో చర్మం మీద గీరి చేసే పరీక్షగా మార్చాడు. 1908లో షార్ల్ మాంటూ చర్మం పొరలోకి సూదితో ఇచ్చే పద్ధతి తెచ్చాడు. నేటికీ మన ఆసుపత్రుల్లో చేస్తున్నది మాంటూ పరీక్షే. చేతి మీద సూది వేసి, 48 నుంచి 72 గంటల తరవాత వచ్చి చూపించమంటారు. ఆ రెండు మూడు రోజుల ఆలస్యమే ఈ చర్యకు గుర్తు.

ఈ పరీక్షకు తెలుగునేలతో కూడా సంబంధం ఉంది. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలోని క్షయ ఆసుపత్రి దేశంలో క్షయ పరిశోధనకు ముఖ్యకేంద్రాల్లో ఒకటిగా ఉండేది. 1948లో మన దేశంలో బి.సి.జి. టీకా పని మదనపల్లెలోనే మొదలయింది. టీకా ఎవరికి వేయాలో తేల్చడానికి ముందుగా ట్యూబర్‌క్యులిన్ పరీక్ష చేసేవారు. చేతి మీద గట్టిపడి ఉబ్బితే సూక్ష్మజీవి ఇదివరకే సోకిందని అర్థం, టీకా అవసరం లేదు. బెర్లిన్‌లో మందుగా ఓడిపోయిన పదార్థం ఇక్కడ జనంలో క్షయ ఎంత వ్యాపించిందో కొలిచే కొలబద్ద అయింది.

సీరంలోనా, కణంలోనా?

ఇరవయ్యో శతాబ్దం తొలి దశాబ్దాలకు పరిశోధకుల ముందు రెండు తరహాల చర్యలున్నాయి. నిమిషాల్లో వచ్చేవి కొన్ని, రోజులు పట్టేవి కొన్ని. రెండింటికీ మూలం ఒకటేనా? దీన్ని తేల్చడానికి ఒకే మార్గం ఉంది. అలర్జీ ఉన్న ఒకరినుంచి ఏదైనా తీసి లేని మరొకరికి ఎక్కిస్తే, ఆ గుణం కూడా వెళుతుందా అని చూడాలి.

1921లో బ్రెస్లావ్ నగరంలో కార్ల్ ప్రౌస్నిట్జ్, హైంజ్ క్యూస్ట్‌నర్ ఈ ప్రయోగం తమ ఒంటి మీదే చేసుకొన్నారు. క్యూస్ట్‌నర్‌కు వండిన చేప పడదు. ఆయన సీరాన్ని ప్రౌస్నిట్జ్ తన పొట్ట చర్మంలోకి ఎక్కించుకొన్నాడు. మర్నాడు అదే చోట చేపసారం ఎక్కిస్తే, నిమిషాల్లో ఎర్రబడి దద్దురు లేచింది. పక్క చర్మం మామూలుగానే ఉంది. అంటే తక్షణ చర్యకు కారణమైనది సీరంలో ఉంది. దానికి 'రియాజిన్' అని పేరు పెట్టారు గాని, అది ఏ ప్రొటీనో ఇంకా నలభై అయిదేళ్ళు తెలియలేదు.

ఆలస్యంగా వచ్చే చర్య విషయంలో సీరంతో చేసిన ఈ పని సాగలేదు. 1942లో న్యూయార్క్‌లో కార్ల్ లాండ్‌స్టైనర్, మెరిల్ చేజ్ గినీ పందులకు ఒక సాధారణ రసాయనంతో చర్మపు అలర్జీ తెప్పించి, వాటి ఉదరకుహరంలోనుంచి తెల్లకణాలు తీసి వేరే గినీ పందులకు ఎక్కించారు. కణాలు తీసుకొన్న జంతువులకు అలర్జీ వచ్చింది, సీరం తీసుకొన్నవాటికి రాలేదు. ప్రతిరక్షకాల ప్రమేయం లేకుండా కణాలే నేరుగా జరిపే చర్యలు కూడా ఉన్నాయని ఇలా తేలింది. ఇవే తరవాత T లింఫోసైట్లుగా పేరు పొందిన కణాల పని.

ఈ రకం చర్యకు మన చుట్టూ ఉదాహరణలకు కొదవ లేదు. పొలం గట్ల మీద పెరిగే వయ్యారిభామ మొక్క తగిలి రైతుల మెడ, మొహం, చేతుల మీద వచ్చే దురద, పొక్కులు నాలుగో రకమే. ఇంకొకటి ఆసక్తికరమైనది. పూర్వం చాకలివారు ఎవరి బట్టలు వారికి చేర్చడానికి నల్లజీడి గింజ రసంతో మూల మీద గుర్తు పెట్టేవారు. రెండో ప్రపంచయుద్ధ కాలంలో భారతదేశంలో ఉన్న అమెరికన్ సైనికులకు బట్టల మీది గుర్తు తగిలిన చోటనే చర్మం పొక్కడం సైనిక వైద్యులు గమనించి, 1943లో ప్రచురించారు. వాళ్ళ దేశంలో పెరిగే పాయిజన్ ఐవీ మొక్క, మన నల్లజీడి ఒకే కుటుంబానికి చెందినవి. అక్కడ ఒకసారి ఎరిగిన చర్మం ఇక్కడ దాని బంధువును గుర్తుపట్టింది.

ఎర్రకణాల మీద దాడి

రెండో రకం కథ చిన్నది. 1901లో రక్తవర్గాలను వివరించిన లాండ్‌స్టైనరే 1904లో డోనాత్‌తో కలిసి మరొకటి చూపించాడు. కొందరు రోగులు చలిలో తిరిగి వచ్చాక మూత్రం ఎర్రగా రావడానికి, వారి సొంత ఎర్రకణాలనే పగలగొట్టే ప్రతిరక్షకం కారణమని. ఇక్కడ ప్రతిజనకం రక్తంలో కరిగి లేదు, కణం పైపొర మీద అతుక్కొని ఉంది. ప్రతిరక్షకం వెళ్ళి దాన్ని పట్టుకొంటే కణమే నాశనమవుతుంది. పడని రక్తం ఎక్కించినప్పుడు జరిగేది కూడా ఇదే.

1940 ప్రాంతంలో Rh కారకం తెలిసింది. Rh లేని తల్లికి Rh ఉన్న బిడ్డ పుడితే, కాన్పు సమయంలో బిడ్డ రక్తం తల్లి రక్తంలో కలిసి ఆమెలో ప్రతిరక్షకాలు తయారవుతాయి. తరవాతి కాన్పులో అవి మాయను దాటి బిడ్డ ఎర్రకణాలను దెబ్బతీస్తాయి. కణాల మీద అతుక్కొన్న ఈ ప్రతిరక్షకాలు మామూలు పరీక్షకు దొరికేవి కావు. కేంబ్రిడ్జ్‌లో రాబిన్ కూంబ్స్, తన సహచరులు మౌరంట్, రేస్‌లతో కలిసి 1945లో వాటిని బయటపెట్టే పరీక్ష తయారుచేశాడు. రైలు ప్రయాణంలో ఆ ఆలోచన వచ్చిందని తరవాత ఆయనే చెప్పుకొన్నాడు. నేటికీ రక్తనిధుల్లో రోజూ చేసే కూంబ్స్ పరీక్ష ఇదే. ఆయన పేరు మళ్ళీ వస్తుంది, గుర్తుంచుకోండి.

1963 నాటి పట్టిక

అరవై ఏళ్ళలో పోగైన ఈ సామగ్రి ఒక్కొక్కటి ఒక్కో పేరుతో, ఒక్కో శాఖలో చెల్లాచెదరుగా ఉండేది. చర్మవైద్యులది ఒక భాష, రక్తనిధి వారిది మరొక భాష. 1963లో ఫిలిప్ జెల్, రాబిన్ కూంబ్స్ వైద్యులకోసం వెలువరించిన ఇమ్యునాలజీ గ్రంథంలో వీటన్నింటినీ నాలుగు గుంపులుగా చేశారు. వారు అడిగిన ప్రశ్న 'ఏ జబ్బు?' అని కాదు, 'కణజాలానికి దెబ్బ ఏ విధంగా తగులుతోంది?' అని.

మొదటి రకంలో ప్రతిరక్షకం మాస్ట్ కణాలకు అతుక్కొని ఉంటుంది. ప్రతిజనకం రాగానే వాటినుంచి హిస్టమిన్ వంటి పదార్థాలు వెలువడి నిమిషాల్లో దద్దుర్లు, ఆయాసం, రక్తపోటు పడిపోవడం జరుగుతాయి. నెప్ట్యూన్ ఇక్కడికి వస్తుంది, వేరుశనగ పడనివారూ ఇక్కడికే వస్తారు. రెండో రకం కణం పైపొర మీద దాడి. మూడో రకంలో ప్రతిజనకం, ప్రతిరక్షకం కలిసి ఏర్పడిన సంక్లిష్టాలు రక్తనాళాల గోడల్లో, మూత్రపిండాల్లో, కీళ్ళలో పేరుకొని మంట పుట్టిస్తాయి. ఆర్తూస్ కుందేళ్ళు, వియన్నా పిల్లలు ఈ గుంపు. నాలుగో రకం కణాల ద్వారా ఆలస్యంగా జరిగేది: మాంటూ పరీక్ష, వయ్యారిభామ.

పట్టిక గీసినప్పుడు మొదటి రకం ప్రతిరక్షకం ఏదో తెలియదన్న సంగతి పైన చెప్పుకొన్నాం. 1966లో అమెరికాలోని డెన్వర్‌లో కిమిషిగే, టెరుకో ఇషిజాకా దంపతులు అది అంతవరకు తెలిసిన ఏ వర్గానికీ చెందని కొత్త ప్రతిరక్షకమని చూపారు. స్వీడన్‌లో జొహాన్సన్, బెన్నిచ్ 1967లో వేరే దారిలో అదే ప్రొటీనును చేరుకొన్నారు. 1968లో దానికి IgE అనే పేరు ఖాయమైంది. ఖాళీగా వదిలిన గడిలో పేరు తరవాత వచ్చి కూర్చొంది. పట్టికకు అంతకన్నా మంచి పరీక్ష ఉండదు.

అలాగని అన్ని జబ్బులూ గడుల్లో ఒద్దికగా ఇమడవు. పెన్సిలిన్ ఒక్కటే నాలుగు రకాల చర్యలనూ తెప్పించగలదు: ఒకరిలో ఎనాఫిలాక్సిస్, మరొకరిలో ఎర్రకణాల విధ్వంసం, ఇంకొకరిలో సీరం జబ్బు వంటి లక్షణాలు, మందు చేత్తో ముట్టుకొనేవారిలో చర్మవ్యాధి. కాబట్టి 'పెన్సిలిన్ అలర్జీ ఏ రకం?' అనే ప్రశ్నకు ఒక్క మాటలో జవాబు రాయకండి. కుష్ఠువ్యాధి చదివేటప్పుడు మరొక తికమక వస్తుంది. అందులో 'టైప్ 1 రియాక్షన్' అనేది ఈ పట్టికలో నాలుగో రకం, 'టైప్ 2 రియాక్షన్' అనేది మూడో రకం. రెండు పట్టికలూ వేరు, అంకెలు చూసి మోసపోవద్దు.

గుర్రం సీరం ఇంకా ఉంది

డిఫ్తీరియాకు టీకా వచ్చాక పిల్లలకు గుర్రం సీరం ఇవ్వవలసిన అవసరం బాగా తగ్గింది. కాని పాముకాటుకు మన దేశంలో ఈనాటికీ గుర్రాలనుంచి తీసిన ప్రతివిషమే మందు. నాగుపాము, కట్లపాము, రక్తపింజర వంటి పాముల విషాన్ని గుర్రాలకు కొద్దికొద్దిగా ఎక్కించి తయారుచేస్తారు. రూ 1894లో అనుసరించిన పద్ధతికి ఇది చాలా దగ్గర. మందు శుద్ధి బాగా మెరుగుపడింది, కాని అది గుర్రం ప్రొటీనే. అందుకే ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ప్రతివిషం ఎక్కించేటప్పుడు పక్కనే అడ్రినలిన్ సిద్ధంగా పెట్టుకొంటారు, ఇంటికి పంపేటప్పుడు వారం పది రోజుల్లో జ్వరం, కీళ్ళ నొప్పులు వస్తే మళ్ళీ రమ్మంటారు. మొదటిది రిషే భయం, రెండోది పిర్కే లెక్క.

ఇక్కడ పట్టిక చెప్పని సంగతి ఒకటి ఉంది. ప్రతివిషం తీసుకొనే రోగుల్లో ఎక్కువమంది జీవితంలో గుర్రం సీరం అంతకు ముందెప్పుడూ తీసుకోలేదు. అయినా కొందరిలో మొదటి మోతాదుకే నిమిషాల్లో చర్య వస్తుంది. IgE ముందుగా తయారై ఉండాలన్న నియమంతో దీన్ని వివరించడం కష్టం. వీటిలో చాలావరకు ప్రతిరక్షకంతో నిమిత్తం లేకుండా, ఎక్కించిన ప్రొటీను వల్ల కాంప్లిమెంట్ వ్యవస్థ నేరుగా ఉత్తేజితం కావడం వంటి కారణాలతో వస్తాయని భావిస్తున్నారు. చికిత్స మాత్రం ఒకటే, అడ్రినలిన్. బెర్లిన్‌లో 1896లో చనిపోయిన పసివాడి విషయంలో ఏం జరిగిందో ఈ పట్టిక చూసి కచ్చితంగా చెప్పలేకపోవడానికి కారణం కూడా ఇదే.

మీ అవగాహనను పరీక్షించుకోండి

పాముకాటుకు ప్రతివిషం తీసుకొన్న ఒక రైతుకు తొమ్మిదో రోజున జ్వరం, దద్దుర్లు, మోకాళ్ళ వాపు వచ్చాయి. అయిదేళ్ళ తరవాత అతన్నే మళ్ళీ పాము కరిచింది. ఈసారి ప్రతివిషం ఎక్కించిన మూడో రోజునే అవే లక్షణాలు కనిపించాయి. ఈ చర్య ఏ రకానికి చెందుతుంది? తొమ్మిది రోజులు మూడు రోజులుగా ఎందుకు మారాయి? పిర్కే, షిక్ వాదాన్ని ఆధారం చేసుకొని పది పంక్తులకు మించకుండా రాయండి.